కరెంటు బిల్లు కూడా హలాలేనట: స్కానింగ్ యాప్‌తో నా అనుభవం

ప్యాకెట్ మీది నంబర్లు చూసి హలాల్ (తినొచ్చు), హరామ్ (తినకూడదు), అనుమానం అని చెప్పే యాప్‌లు ఎలా పనిచేస్తాయో అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను. నేను వాడేదాని పేరు కూడా రాయడం లేదు. నా కోపమంతా అందులో ఒక్కదాని మీద: పదార్థాల జాబితాని ఫొటో తీస్తే తనే చదివి రంగు చూపించే సదుపాయం.

మొదట్లో అదే నాకు తెగ నచ్చింది. సూపర్‌మార్కెట్‌లో ఆ సన్న అక్షరాల కోసం కళ్లు చికిలించుకునే పని తప్పింది కదా అని మా ఆడపడుచు ఫోన్‌లోనూ వేయించాను.

రంజాన్ నెలలో మా మరిది డాలస్ నుంచి వచ్చాడు. సూట్‌కేసులోంచి మార్ష్‌మెలోల ప్యాకెట్ బయటపడగానే పిల్లలు పట్టుకున్నారు. ఫొటో తీశాను. పచ్చరంగు వచ్చింది, కింద 'సందేహించాల్సినవేవీ కనిపించలేదు' అని ఒక ముక్క. ఇఫ్తార్ అయ్యాక ప్యాకెట్ తెరిచారు. మా అత్తమ్మ ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకోలేదు. రెండు వేళ్ల మధ్య నొక్కింది, వదిలింది, మళ్లీ నొక్కింది. "ఏమ్మా, పాయా చల్లారినాక గిన్నెలో పేరుకునేది ఇట్లనే ఉంటుంది కదా. కాళ్ల జిగురేమన్నా కలిపినారా దీంట్లో?" అంది.

ప్యాకెట్ తిప్పి నేనే చదివాను. కార్న్ సిరప్, చక్కెర, ఇంకాస్త కిందికి వస్తే జెలటిన్. ఏ జంతువుదో రాయలేదు. ఊరికే జెలటిన్ అని రాస్తే పంది చర్మానిదైనా కావచ్చు, పశువుల చర్మం, ఎముకలదైనా కావచ్చు. పిల్లల చేతుల్లోంచి లాక్కోవాల్సి వచ్చింది. ఇల్లంతా ఏడుపులు. మరిది ఎటు చూడాలో తెలియక ఫోన్‌లోకి తల దూర్చాడు.

అసలు కిటుకు ఏమిటంటే, యాప్ కెమెరా వెతికేది ఈ-నంబర్ల కోసం, అంటే ఆహారంలో కలిపే పదార్థాలకి యూరప్‌లో ఇచ్చే కోడ్‌ల కోసం. అమెరికా లేబుళ్ల మీద ఆ నంబర్లు ఉండవు, పేర్లే రాస్తారు. పోనీ యూరప్ సరుకు అనుకున్నా అక్కడ జెలటిన్‌ని ఆహార పదార్థంగానే లెక్కేస్తారు కాబట్టి నంబరు వేయరు. పాత జాబితాల్లో కనిపించే ఈ-441 అందుకే ఇప్పటి ప్యాకెట్ల మీద దొరకదు. నంబరు కనపడలేదంటే యాప్ లెక్కలో అంతా శుభ్రమే! ఆ రాత్రి ఒళ్లు మండి కరెంటు బిల్లు ఫొటో తీసి చూశాను. పచ్చరంగే వచ్చింది.

వాళ్లకి రాస్తే మర్యాదగానే జవాబిచ్చారు. తర్వాతి అప్‌డేట్‌లో జెలటిన్ అనే మాటని పట్టుకోవడం నేర్పారు. అయితే ఫొటో మసకగా వస్తే ఇప్పటికీ పచ్చరంగే. 'చదవలేకపోయాను' అని చెప్పడానికి ఒక బూడిదరంగు పెడితే ఏం పోయింది?

మన దేశపు ప్యాకెట్ల దగ్గర ఇంకో రకం చిరాకు. 471 కనపడితే పసుపు, 631 కనపడితే పసుపు, 635 కనపడితే పసుపు. తప్పని అనను. నూనె, నీళ్లు విడిపోకుండా వేసే 471 నూనెగింజల కొవ్వు నుంచీ తీస్తారు, జంతువుల కొవ్వు నుంచీ తీస్తారు. నూడుల్స్ మసాలాలోనూ చిప్స్‌లోనూ రుచికి వేసే 631, అది కలిసి ఉండే 635 మాంసం నుంచో చేపల నుంచో రావచ్చు, పిండిపదార్థాలను పులియబెట్టీ చేయవచ్చు. కానీ ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉంటే, మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం పాలు, పాల పదార్థాలు తప్ప జంతువుల నుంచి వచ్చే ఇలాంటి కొవ్వులూ మాంసాలూ అందులో ఉండకూడదు. ఆ చుక్కని ఈ యాప్ చూడనే చూడదు! చుక్క పెట్టి కూడా నంబర్ల చాటున దాచేస్తే ఎలా అన్న గొడవ ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. పదార్థం ఎంత కొంచెమైనా సరే, మొక్కల నుంచి వచ్చిందా జంతువుల నుంచా అన్నది రాయాల్సిందేనని 2021 డిసెంబరులో కోర్టు ఆదేశించింది. అందులో ప్రస్తావనకు వచ్చింది ఈ 631 సంగతే.

అలాగని పచ్చచుక్క ఉంటే చాలని కూడా నేను అనను. ఎసెన్సుల్లో వాడే ఆల్కహాల్ గురించి ఆ చుక్క ఏమీ చెప్పదు. వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ సీసా కొనేటప్పుడు యాప్ నాకు పనికొచ్చింది, అది ఒప్పుకోవాలి. నంబరు కొట్టి వెతికితే ఏది దేనితో తయారవుతుందో చక్కగా చెప్తుంది. ఈ-120 కొషినీల్ పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు అని మా పిల్లకి తెలిసింది అక్కడే. ఆ రోజు నుంచి గులాబీరంగు ఐస్‌క్రీమ్ కనపడితే చాలు, కొట్టువాడికి దడ పుట్టిస్తోంది.

మాది కర్నూలు, వంట చాలావరకు ఇంట్లోనే. బయటినుంచి కొనే ప్యాకెట్లు తక్కువ, అవీ చాలావరకు పచ్చచుక్కవే. అందుకే నాకు వెతుకులాట పేజీ ఒక్కటీ చాలు. హలాల్ ముద్ర ఉన్న సరుకు సులువుగా దొరికే గల్ఫ్‌లో ఉంటే అది కూడా అక్కర్లేదేమో. అమెరికా, యూరప్‌లలో ఉంటూ రోజూ కొత్త ప్యాకెట్ కొనేవాళ్లకి మాత్రం ఈ కెమెరాని నమ్ముకోమని చెప్పలేను. యాప్ తీసేయలేదు, దానికిచ్చిన కెమెరా అనుమతి తీసేశాను. ఏడాది చందా గడువు దగ్గర పడింది. మళ్లీ కట్టాలా, ఉచితంగా వచ్చేదానితో సరిపెట్టుకోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.