ఈఎస్‌ఐ నిరుద్యోగ భృతి: రాయగడ వైపు కార్మికులకు ఎంత ఆసరా?

పార్వతీపురం, కొమరాడ నుంచి పనికి వచ్చేవాళ్లయినా, తరాలుగా ఒడిశాలోని రాయగడ, జేకేపూర్, తేరుబలి వైపు స్థిరపడిన తెలుగువాళ్లయినా, నెలకు 21,000 లోపు జీతమైతే అందులో 0.75 శాతం ఈఎస్‌ఐకి, అంటే ఉద్యోగుల రాజ్య బీమాకు పోతుంది. యజమాని 3.25 శాతం కలుపుతాడు. ఆ చందా జేకేపూర్ ఈఎస్‌ఐ ఆసుపత్రిలో మందులకేనని చాలామంది అనుకుంటారు. పని పోతే డబ్బు చేతికిచ్చే పథకాలు అందులోనే రెండున్నాయి. రెండూ వాడుకోదగ్గవే. అయితే అవి ఎంత అందుతాయన్నది ఆఫీసు కంటే ఎక్కువగా యజమాని రాసే లెక్క మీద ఆధారపడి ఉంటుంది.

మొదటిది 2018 జులై 1న మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. మొదట్లో సగటు జీతంలో 25 శాతమే ఇచ్చేవారు. 2020 మార్చి 24 నుంచి 50 శాతం చేశారు, ఆ సడలింపు గడువును పొడిగిస్తూ వస్తున్నారు. పని పోయిన 30 రోజుల తర్వాత అడగవచ్చు. మొత్తం 90 రోజులకు మించి రాదు, అదీ జీవితంలో ఒక్కసారే. అంతకుముందు రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగం చేసి ఉండాలి. ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి అని ఏడాదికి రెండు చందా కాలాలు. పని పోవడానికి సరిగ్గా ముందున్న కాలంలో 78 రోజులు, ఆ రెండేళ్లలో మిగిలిన మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా పడి ఉండాలి.

డబ్బు లెక్క చూడండి. నాలుగు చందా కాలాల మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. నెలకు 15,000 చొప్పున రెండేళ్లకు 3,60,000. రోజుకు 493, అందులో సగం 246 చిల్లర, 90 రోజులకు సుమారు 22,200. నాగాలు ఎన్ని ఉన్నా భాగించేది 730తోనే కాబట్టి జీతం తెగిన ప్రతి రోజూ భృతిని తగ్గిస్తుంది.

క్లెయిము ఎక్కువగా దెబ్బతినేది ఐపీ నంబరు, అంటే బీమా ఉన్న మనిషికి ఈఎస్‌ఐ ఇచ్చే నంబరు దగ్గర. కాంట్రాక్టరు మారినప్పుడు పాత నంబరు అడగకుండా కొత్తది తీస్తే, ఒకే మనిషి చందా రెండు ముక్కలవుతుంది, 78 రోజుల లెక్క తప్పుతుంది. చేరిన రోజే పాత నంబరు ఇవ్వాలి. రెండున్నాయని తెలిస్తే పనిలో ఉండగానే ఒకటి చేయించుకోవాలి, పని పోయాక ఆ యజమాని సంతకం దొరకడం కష్టం. పేరు కూడా చూసుకోండి: ఆంధ్రాలో తీసిన ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా కాగితాల్లో చివరకు వెళ్తుంది. ఆధార్, బ్యాంకు, ఈఎస్‌ఐ మూడింటిలో ఒకేలా ఉండాలి.

రెండో పథకం పేరు చాలామందికి తెలియనే తెలియదు. రాజీవ్ గాంధీ శ్రమిక్ కల్యాణ్ యోజన 2005 నుంచి ఉంది. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ (తప్పేమీ లేకుండానే మనుషుల్ని తగ్గించడం) జరిగినా మొదటి 12 నెలలు సగటు జీతంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం వస్తుంది. మొదటి దానికంటే ఎంతో పెద్ద ఆసరా. అందుకే యజమాని నెలవారీ చందా ఫైలింగులో ఏ కారణం నంబరు వేశాడన్నది కీలకం. అందులో 10 అంటే రిట్రెంచ్‌మెంట్, 2 అంటే ఉద్యోగం వదిలేశాడని. తీసేసిన మనిషికి 2 వేస్తే ఈ రెండేళ్ల భృతికి దారి మూసుకుపోవచ్చు, పరిహారం అడిగే హక్కూ బలహీనపడుతుంది. ‘రాజీనామా రాసివ్వు, లెక్క తేల్చేస్తాం’ అంటే రాయకూడదు. ఏళ్ల తరబడి పనిచేసినవాడికి యజమాని చూపాల్సిన కనీస విశ్వాసం ఆ కారణాన్ని నిజంగా రాయడమే.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ భృతి ఉంది కదా అని మనుషుల్ని తీసేయడం యజమానికీ తెలివైన పని కాదు. ఆర్డర్లు తగ్గితే ముందు ఓవర్‌టైం ఆపాలి, పని ఉన్న సెక్షనుకు మనుషుల్ని మార్చాలి, అప్పటికీ కుదరకపోతే లేఆఫ్, అంటే ఉద్యోగం ఉంచి కొన్నాళ్లు పని ఆపడం. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసున్నవాడికి లేఆఫ్ రోజులకు బేసిక్, డీఏలో సగం ఇవ్వాలి. ఆ రెండూ కలిపి 15,000 అయితే రెండు నెలలకు 15,000తో పోతుంది. అదే ఆరేళ్ల మనిషిని తీసేస్తే నెల నోటీసు 15,000, ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం సుమారు 45,000, దాని మీద, తీసేసిన కార్మికుడు కొత్త పని నేర్చుకోవడానికని పెట్టిన నైపుణ్య నిధికి మరో 15 రోజుల జీతం. గ్రాట్యుటీ వేరే. కొలిమి దగ్గరా, బాయిలర్ దగ్గరా చేయి తిరిగినవాడు మళ్లీ దొరకడానికి పట్టే కాలం ఈ లెక్కలోకి రానేలేదు. కార్మికుడి వైపు నుంచి జాగ్రత్త ఒకటే: లేఆఫ్ రోజుల్లో గేటు దగ్గర హాజరు వేయించుకోవాలి, లేకపోతే ఆ రోజు డబ్బు రాదు.

మొదట చెప్పిన అటల్ పథకం భృతి కోసం ఈఎస్‌ఐ పోర్టల్‌లో ఐపీ నంబరుతో లాగిన్ అయి క్లెయిము నింపాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు చాలు, నోటరీ అఫిడవిట్ ఇప్పుడు అక్కర్లేదు. యజమాని ద్వారా పంపాల్సిన పని లేకపోవడం ఈ సేవలో అన్నిటికంటే మంచి మార్పు. దుష్ప్రవర్తన మీద తీసేసినవాళ్లకూ, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవాళ్లకూ ఇది రాదు.

2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న కొత్త కార్మిక చట్టాల (లేబర్ కోడ్‌ల) ప్రకారం తీసేసిన రెండు పనిదినాల్లో జీతం బకాయి తేల్చాలి. నైపుణ్య నిధి డబ్బు 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. ఏడాదిలోపు కొత్తవాళ్లను తీసుకోదలిస్తే పాతవాళ్లకు ముందు అవకాశమివ్వాలి. కాబట్టి లెక్క తేల్చుకునే రోజునే ఆంధ్రా ఊరి చిరునామా, ఫోను నంబరు కాగితం మీద రాసిచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.