థాయ్‌లాండ్ డెత్ రైల్వే ప్యాసింజర్: తిరుగు ప్రయాణం మాత్రం వదులుకోవద్దు

బ్యాంకాక్ థోన్‌బురి స్టేషన్ నుంచి పొద్దున్నే బయల్దేరే నామ్ తోక్ ప్యాసింజర్ గురించి ఇది. విదేశీయులకు టికెట్ 100 బాట్లు. మూడో తరగతి, ఏసీ ఉండదు, పైన ఫ్యాన్లు, తెరిచిన కిటికీలు, ఎండాకాలమైతే చెమటలు కారిపోతాయి. అయినా తప్పకుండా ఎక్కమనే చెప్తాను.

అందరూ ఫొటోలు పెట్టేది థామ్ క్రసే దగ్గరి చెక్క వంతెనవే. కొండ అంచునే రైలు మెల్లగా పాకుతుంటే కింద క్వే నోయ్ నది కనిపిస్తుంది, వెళ్ళేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి. చాలా టూర్ ప్యాకేజీల వాళ్ళు అక్కడే దింపేసి వ్యాన్‌లో వెనక్కి తెచ్చేస్తారు. నేను మాట్లాడిన ఒక ఏజెంటు అయితే "తిరుగు రైలులో చూడ్డానికేముందండీ" అన్నాడు. నా మటుకు అసలు చూడాల్సింది అదే.

థాయ్‌లాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల ఈ లైనును రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం 1942-43లో 60,000 మందికి పైగా బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్, అమెరికన్ యుద్ధఖైదీలతోనూ, అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువమంది ఆసియా కూలీలతోనూ వేయించింది. సింగపూర్ నుంచి వాళ్ళను బియ్యం మోసే ఇనుప వ్యాగన్లలో, ఒక్కోదాంట్లో ముప్ఫై మంది దాకా కుక్కి తెచ్చారు, పడుకోడానికి కూడా చోటు లేదు. 1943 అక్టోబర్ 17న రెండు వైపుల పట్టాలూ కలిశాయి, ఆ తర్వాత అదే పట్టాల మీద రోగుల్ని కిందికి దింపడం మొదలైంది. వెదురు ముల్లు గీసుకుంటే చాలు, అది పుండై ఎముక బయటపడేదాకా తినేసేది. దానికి తోడు విరేచనాలు, మలేరియా, విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి. నడిచి అడవిలోకి వెళ్ళినవాళ్ళు స్ట్రెచర్ల మీద, గూడ్స్ పెట్టెల్లో తిరిగొచ్చారు, కొందరు దారిలోనే పోయారు.

మీ రైలు ఆగిపోయే నామ్ తోక్ అప్పటి టార్సావ్ ఖైదీల క్యాంపు. అక్కడి నుంచి ఆ రోగులు వచ్చిన దారినే తిరుగు రైల్లో కిందికి వస్తుంటే, కాంచనబురి దగ్గరికి చేరే ముందు చుంగ్‌కాయ్ వస్తుంది, అక్కడి ఆస్పత్రి క్యాంపులో జేకబ్ మార్కోవిట్జ్ అనే కెనడా సర్జన్ కుళ్ళిన కాళ్ళు తీసేసేవాడు. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు లేదు కాబట్టి, తోటి ఖైదీ ఇచ్చిన రక్తాన్ని కలియబెడుతూ, గడ్డకట్టే పీచును వేరుచేసి, వడకట్టి ఎక్కించేవాడు. ఇంకా కిందికొస్తే నఖోన్ పథోమ్, కిటికీలోంచి పెద్ద స్తూపం కనిపిస్తుంది. 1944లో ఆ ఊళ్ళోనే వేలమంది రోగులకు మరో ఆస్పత్రి క్యాంపు పెట్టారు, ఆల్బర్ట్ కోట్స్ అనే ఆస్ట్రేలియా సర్జన్ దాని బాధ్యత చూశాడు. ఇవన్నీ ముందే తెలుసుకుని ఎక్కండి, రైల్లో చెప్పేవాళ్ళెవరూ ఉండరు.

నన్ను బాగా కలచివేసింది మనవాళ్ళ సంగతి. మలయా రబ్బరు తోటల నుంచి తమిళులతో పాటు తెలుగువాళ్ళనూ ఈ పనికి పట్టుకెళ్ళారు. ఖైదీలకు కనీసం తమ సైన్యపు డాక్టర్లున్నారు, ఈ కూలీలకు అదీ లేదు, కలరా వస్తే పక్కన కూర్చునేవాడు కూడా లేడు. ఖైదీల్లో 12,000 మందికి పైగా చనిపోయారు. కూలీల్లో సుమారు 90,000 అంటారు, లెక్క రాసినవాళ్ళే లేరు. కాంచనబురి స్టేషన్‌కు దగ్గర్లోని యుద్ధ శ్మశానంలో దాదాపు ఏడు వేల సమాధులున్నాయి, ఎంతో శ్రద్ధగా చూసుకుంటారు, చూసి సంతోషించాను కూడా. కానీ ఆ వరసల్లో మన తోట కూలీ ఒక్కడూ లేడు, నాకు ఏడుపొచ్చింది.

ఒక్క రోజులో అయ్యే పని కాదిది. కాంచనబురిలో రాత్రి ఉండండి. శ్మశానం పక్కనున్న రైల్వే మ్యూజియం ముందు చూసి తర్వాత రైలెక్కితే దారంతా అర్థమవుతుంది. వీలుంటే నామ్ తోక్ దాటి, ఖైదీలు పట్టాల కోసం కొండరాయిని తొలిచిన హెల్‌ఫైర్ పాస్‌కూ వెళ్ళండి, ప్రవేశం ఉచితం, ఆడియో గైడ్‌లో అప్పటి ఖైదీల గొంతులే వినిపిస్తాయి. బ్యాంకాక్ దాకా వచ్చే తిరుగు రైలు నామ్ తోక్‌లో మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో బయల్దేరుతుంది, టైము ముందురోజే స్టేషన్‌లో కనుక్కోండి. ఈసారి నది కుడి వైపు వస్తుంది.