సగం ధరకు మ్యాచ్ పెల్లెట్లు అంటే నమ్మకండి

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ (గాలి తుపాకీతో గురి కొట్టే ఆట) నేర్చుకునే పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఈ మాట. "విదేశీ సరుకు, మ్యాచ్ గ్రేడ్ (పోటీల్లో వాడే రకం), సగం ధర" అంటూ ఫోన్‌లో అమ్ముతున్న 4.5 మి.మీ. పెల్లెట్ల, అంటే రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుండ్ల, జోలికి పోకండి. నేను నాలుగు డబ్బాలు తీసుకున్నాను. డబ్బు పోయిందంటే పోయింది, మా అమ్మాయి లేని తప్పును దిద్దుకుంటూ రెండు నెలలు పోగొట్టుకుంది. నా బాధ అదీ.

మాది హైదరాబాద్. ప్రాక్టీసు బాగా సాగితే వారానికి ఒక డబ్బా, అంటే 500 పెల్లెట్లు, ఇట్టే అయిపోతాయి. నెల తిరిగేసరికి ఆ ఖర్చు చూసి ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. అలాంటప్పుడు సగం ధర అనేసరికి చెయ్యి దానంతటదే ఫోన్ మీదకు పోయింది. బిల్లు అడిగితే "ఎందుకన్నా, మన మధ్య బిల్లేంటి" అన్నాడు. అక్కడే ఆగాల్సింది.

కొత్త డబ్బా తెరిచిన వారం నుంచే స్కోరు పడిపోయింది. ఈ ఆటలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. గుండు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 0.4 పాయింటు పోతుంది. మ్యాచ్‌కు 60 షాట్లు, లెక్క మీరే వేసుకోండి. కోచ్ గారు మోచేయి కిందికి జారుతోందన్నారు, ట్రిగర్ లాగేస్తోందన్నారు, ఊపిరి అన్నారు. నేనైతే ఫోన్ ఎక్కువ చూస్తోందని తిట్టాను కూడా. పిల్ల ఏమీ అనలేదు, రేంజ్‌కు వెళ్లనని రెండుసార్లు కడుపునొప్పి సాకు చెప్పింది.

ఒకరోజు పెల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంది. కోచ్ గారు దాన్ని బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవెక్కడివి?" అన్నారు. రైఫిల్‌ను కదలకుండా వైస్‌లో (బల్లకు అమర్చే బిగింపు పట్టులో) బిగించి, పాత డబ్బాలో మిగిలినవి ఐదు కొట్టారు. ఐదూ ఒకే కంతలో పోయినట్టున్నాయి. కొత్తవి ఐదు కొడితే రూపాయి బిళ్లంత మేర చెదిరాయి. రైఫిల్ కదల్లేదు, మనిషి చెయ్యే పడలేదు.

ఇంటికొచ్చి తెలిసిన బంగారం కొట్టులో తూయించాను. రైఫిల్ పెల్లెట్ మామూలుగా 0.53 గ్రాములు ఉంటుంది. మా డబ్బాలోవి 0.49 నుంచి 0.57 దాకా తూగాయి. కొన్నిటికి వెనక అంచు నొక్కుకుపోయింది, కొన్నిటికి తల మీద పోత అతుకు గీత. చేత్తో తాకితే బూడిదరంగు పొడి.

గట్టిగా నిలదీస్తే అమ్మినవాడే ఒప్పుకున్నాడు. పాత బ్యాటరీల సీసం కరిగించి ఇంట్లో పోస్తున్నారట. పెల్లెట్‌కు మెత్తటి సీసమే కావాలి. గాలి ఒత్తిడికి వెనక అంచు విచ్చుకుని బ్యారెల్ లోపలి గాడులను పట్టుకోవాలి కదా. బ్యాటరీ సీసంలో వేరే లోహాలు కలిసి గట్టిపడుతుంది. పైగా ఆ సీసం పొడి పిల్లల చేతుల మీదుగా నోట్లోకి పోతుంది. (మంచి పెల్లెట్లు వాడినా సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్ బాక్స్ తెరవనివ్వండి, అది వేరే సంగతి.)

ఇంకా వినండి. డబ్బు వెనక్కి ఇమ్మంటే, బదులుగా "గది లోపల కొట్టుకునే తక్కువ పవర్ బుల్లెట్లు, ఇంట్లో చేసినవి" పంపుతానన్నాడు! లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం, అమ్మడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. ఎంత తక్కువ పవరైనా తూటా తూటాయే. చిన్నపిల్ల ఆట కోసం పోయి పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కాలా? ఫోన్ పెట్టేశాను. మర్నాటికి నా నంబర్ బ్లాక్.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. బిల్లు లేదు, యూపీఐ స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంది, చూడాలి.

ఆ సరుకును గుర్తుపట్టడం తేలికే. డబ్బా పేరున్న కంపెనీదే, పాతది. మూత చుట్టూ సెలోటేప్ ఉంటుంది. తల కొలత 4.49 అనో 4.50 అనో ఉండాల్సిన చోట స్టిక్కర్ గీకేసి ఉంటుంది. లోపల స్పాంజి ముక్క ఉండదు, ఊపితే గలగలమంటాయి.

మా అమ్మాయి ఇప్పుడు మంచి డబ్బాతోనే కొడుతోంది. కానీ మోచేయి ఇంకా ఆ దిద్దిన చోటే పెడుతోంది. దాన్ని పాత చోటికి తేవడానికి ఇంకో నెల పడుతుందన్నారు కోచ్ గారు.