పక్క తడిపే పిల్లల కోసం నీరు దిగని పరుపు తొడుగు

నాలుగేళ్ల మా అమ్మాయి రాత్రిళ్లు పక్క తడుపుతుండడంతో, పైన నూలు బట్ట, అడుగున పల్చని పాలీయురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) పొర ఉన్న పరుపు తొడుగును అమలాపురంలోని ఒక దుకాణంలో కొన్నాము. పాత రబ్బరు షీటు మీద పడుకుంటే వీపంతా చెమట పట్టేది, దీని మీద అంతగా పట్టదు. కోనసీమ ఉక్కపోతలో ఈ తేడా మొదటి రాత్రే తెలుస్తుంది. శ్రావణ భాద్రపదాల ముసురులో తడిసిన బూరుగు దూది పరుపు ఒక పట్టాన ఆరదు, వాసనా వదలదు కనుక, దూదిలోకి తడి దిగకుండా ఆపడమే దీని అసలు ప్రయోజనం. అయితే మూలల్లోని ఎలాస్టిక్ కంపెనీ పరుపులకు సరిపోయినంతగా, ఇంట్లో కుట్టించిన ఎగుడుదిగుడు పరుపులకు సరిపోదు. వేడినీళ్లు, ఇస్త్రీ తగిలితే పొర చెడుతుంది. వానరోజుల్లో ఒక్క పూటలో ఆరదు కాబట్టి రెండు కొనక తప్పదు, అది ఖర్చే.

దీనితో అలవాటు కూడా మానుతుందన్న దుకాణదారు మాట మాత్రం నమ్మదగినది కాదు. అయిదేళ్లలోపు పిల్లలు పక్క తడపడం సహజమే. మూత్రాశయం నిండిన సంగతి నిద్రలో మెదడుకు అంది మెలకువ రావడం ఒక్కొక్కరికి ఒక్కో వయసులో కుదురుతుంది. నీళ్లు పగటిపూట బాగా తాగించడం, సాయంత్రం టీ, కూల్‌డ్రింకులు ఇవ్వకపోవడం, మలబద్ధకం లేకుండా చూడడం, పడుకునే ముందు మూత్రానికి పంపడం మేలు చేస్తాయి. తిట్టడం, ఇరుగుపొరుగు ముందు ఎగతాళి చేయడం కీడే చేస్తాయి. ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న పిల్లలు మళ్లీ మొదలుపెట్టినా, అతిదాహం, మూత్రంలో మంట కనిపించినా, తొడుగుతో సరిపెట్టక పిల్లల వైద్యునికి చూపించాలి.