తైపే చలికాలం ట్రిప్ రివ్యూ: ఒక గే బ్యాక్‌ప్యాకర్ మాట

రేపు పొద్దున్నే ఫ్లైట్, బ్యాగ్ సర్దడం అయిపోయింది, మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా. ముందే చెప్పేస్తున్నా, తైవాన్ రాజధాని తైపే నాకు విపరీతంగా నచ్చింది. మనవాళ్ళలో గే అయ్యుండి, ఒక్కళ్ళే బ్యాగ్ తగిలించుకుని తక్కువ ఖర్చులో ఎక్కడికైనా వెళ్దాం అనుకునే కుర్రాళ్ళు అడిగితే ఆసియాలో ఫస్ట్ నేను చెప్పే ఊరు ఇదే. కారణం పార్టీలు కాదు. చాలా ఊళ్ళలో మనకోసం ఉండే చోటంటే రాత్రి పదకొండు దాటాక తెరుచుకునే ఒక సందు, అక్కడ తాగాలి, ఎగరాలి, డబ్బులు తగలెయ్యాలి, తెల్లారితే అక్కడ ఏమీ ఉండదు. తైపేలో పట్టపగలు మనకి చోటుంది. పుస్తకాల షాపుంది, గుడి కూడా ఉంది. అందుకే ఇందులో బార్ల గురించి తక్కువే ఉంటుంది.

ఆ బార్ల సంగతి ముందు కానిచ్చేస్తా. షీమెన్‌డింగ్ అనే షాపింగ్ ఏరియాలో రెడ్ హౌస్ అని ఎర్ర ఇటుకల ఎనిమిది మూలల బిల్డింగ్, జపాన్ వాళ్ళ టైమ్‌లో 1908లో మార్కెట్‌గా కట్టారు, తర్వాత థియేటర్ అయింది. దాని వెనక ఓపెన్‌గా కుర్చీలేసుకుని వరసగా గే బార్లు, కర్టెన్లు లేవు, నల్లద్దాల తలుపులు లేవు, పక్కనుంచే ఫ్యామిలీలు పిల్లల్ని తీసుకుని షాపింగ్‌కి వెళ్తుంటాయి. అది చూడటానికైనా ఒక సాయంత్రం వెళ్ళండి. కాక్‌టెయిల్ మాత్రం కాస్ట్లీ, ఒక గ్లాసు డబ్బులతో రెండు పూటలు శుభ్రంగా తినొచ్చు. షీమెన్ మెట్రో 6వ గేటు దగ్గర రోడ్డు మీద ఇంద్రధనుస్సు రంగుల చారలు వేసి ఉంటాయి, ఆ ఫోటో అందరూ దిగుతారు, నేనూ దిగా.

నన్ను కదిలించింది మాత్రం హాస్టల్ కిచెన్‌లో చూసిన ఒక ఐడీ కార్డు. తైచుంగ్ అనే ఊరి నుంచి వచ్చిన ఇద్దరు అబ్బాయిలు నూడుల్స్ వండుకుంటుంటే మాటల్లో మాట కలిసింది, పెళ్ళి గురించి అడిగితే అందులో ఒకతను పర్స్ తీసి కార్డు తిప్పి చూపించాడు. అక్కడి ఐడీ కార్డు వెనక అమ్మ పేరు నాన్న పేరుతో పాటు భార్య లేదా భర్త పేరు కూడా ప్రింట్ చేస్తారు, ఆ గడిలో పక్కన ఉల్లికాడలు తరుగుతున్న అతని పేరు ఉంది. మన పాస్‌పోర్ట్ ఆఖరి పేజీలో కూడా అలాంటి లైన్ ఒకటుంటుంది కదా, అక్కడ నాది ఖాళీ. మన దగ్గర 2018 సెప్టెంబర్ 6న మనలాంటివాళ్ళ ప్రేమ నేరం కాదని సెక్షన్ 377 మీద తీర్పు వచ్చినప్పుడు ఎంత ఏడ్చానో, 2023 అక్టోబర్ 17న పెళ్ళి హక్కు మేం ఇవ్వలేం అని సుప్రీంకోర్టు అన్నప్పుడు కూడా అంతే ఏడ్చా, రెండు ఏడుపులూ వేరు. తైవాన్‌లో కోర్టు 2017 మే 24న మన పెళ్ళిళ్ళకి చట్టం తెమ్మని రెండేళ్ళ గడువు పెట్టింది, సరిగ్గా 2019 మే 24 నుంచి ఆ చట్టం అమల్లోకి వచ్చింది, ఆసియాలో ఇదే ఫస్ట్. మధ్యలో 2018 నవంబర్‌లో రెఫరెండం పెడితే జనం ఎక్కువమంది వద్దనే ఓటేశారు, అందుకే పెళ్ళిళ్ళకి అప్పటికే ఉన్న చట్టం, సివిల్ కోడ్‌ని ముట్టుకోకుండా వేరే చట్టం తెచ్చారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే అక్కడ అందరూ పుట్టుకతో మంచోళ్ళు అనుకోవద్దు, ఆ రెండో అతని అమ్మానాన్నలకి ఈ పెళ్ళి సంగతి తెలిసినా దాని గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తరట. కానీ కార్డు మీద పేరుంది, హాస్పిటల్లో సంతకం పెట్టొచ్చు, ఆస్తి వస్తుంది. ఇంట్లోవాళ్ళు మారడానికి ఎన్నేళ్ళు పట్టినా ఈలోపు ఇవి ఆగలేదు, నాకు కావాల్సింది కూడా అదే.

గోంగ్వాన్ దగ్గర యూనివర్సిటీ పక్క సందులో జిన్‌జిన్ అనే పుస్తకాల షాపు 1999లో మొదలైంది. చైనీస్ మాట్లాడేవాళ్ళ ప్రపంచంలో మొదటి గే బుక్‌షాప్ అంటారు. చిన్నది, పుస్తకాలు దాదాపు అన్నీ చైనీసే, మనకి చదవడానికి పెద్దగా ఏం దొరకదు, అయినా వెళ్ళండి. 2003లో ఈ షాపు మీద రెయిడ్ చేసి మ్యాగజైన్లు పట్టుకెళ్ళారు, ఓనర్ మీద అశ్లీలం కేసు పెడితే శిక్ష కూడా పడింది. అదే ఏడాది తైపేలో మొదటి ప్రైడ్, అంటే మనవాళ్ళ ఊరేగింపు, నడిచింది. మన హైదరాబాద్‌లో ఫస్ట్ ప్రైడ్ 2013లో అయింది, అంటే వాళ్ళకీ మనకీ పదేళ్ళు తేడా, ఆ లెక్క వేసుకుంటే నాకు కొంచెం ధైర్యమొచ్చింది.

ఇప్పుడు గుడి. ఈ ట్రిప్‌లో ఒక్కచోటే చూడనిస్తాం అంటే నేను ఇక్కడికే వెళ్తా. న్యూ తైపేలో ఇళ్ళ మధ్య సందుల్లో వెయ్ మింగ్ గుడి, దేవుడి పేరు తు అర్ షెన్, కుందేలు దేవుడు అంటారు. గోపురాలు అవీ ఏం ఉండవు, మామూలు బిల్డింగ్‌లో చిన్న హాలు, అగరొత్తుల పొగ, ఎర్ర దీపాలు. కథేంటంటే చైనాలోని ఫుజియాన్‌లో చింగ్ రాజుల కాలంలో హు త్యెన్‌బావ్ అనే అబ్బాయి ఒక పెద్ద ఆఫీసర్‌ని ఇష్టపడి దొంగచాటుగా చూస్తూ దొరికిపోతాడు, నువ్వు అందంగా ఉన్నావని మనసులో మాట చెప్పేస్తే చంపించేస్తారు. నెల తర్వాత ఊళ్ళో ఒక పెద్దాయన కల్లోకి వచ్చి, నేను చేసింది ప్రేమే కాబట్టి పైలోకంలో నన్ను శిక్షించలేదు, మగవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళని చూసుకునే దేవుణ్ణి చేశారు, నాకు గుడి కట్టండి అంటాడు. ఆ పాత కథని పట్టుకుని 2006లో ఒక టావో మతం పూజారి ఈ గుడి పెట్టాడు. తైపేలో సంబంధాలు కుదిర్చే దేవుడు ఇంకొకాయన ఉన్నాడు, యుయే లావ్, ఆడ మగ జంటలకి ఎర్ర దారం కట్టేది ఆయన, ఆ గుడి ఎప్పుడూ కిటకిటే. ఆయన దగ్గరికి వెళ్తే మనకి అమ్మాయిని చూపిస్తాడేమో కదా, అందుకని మనకి వేరేగా ఈయన.

పూజ ఎలాగంటే కాగితం మీద పేరు, పుట్టిన తేదీ, ఉండే అడ్రస్ రాసి ఇవ్వాలి, దేవుడు మనల్ని వెతుక్కుంటూ రావాలి కదా అందుకు. అర్చనలో గోత్రనామాలు చెప్పినట్టే, గోత్రం బదులు అడ్రస్. నేను కాకినాడ ఇంటి అడ్రస్ డోర్ నంబర్‌తో సహా తెలుగులో రాశా, లోపల ఉన్నాయన చూసి తల ఊపి తీసుకున్నారు. మా అమ్మ నా పెళ్ళికోసం అన్నవరం కొండమీద మొక్కుకుంది, అమ్మాయితో అనే మొక్కుకుంది, నాకు తెలుసు. చిన్నప్పటినుంచి ఏ గుడికెళ్ళినా నాకు కావాల్సింది తప్ప మిగతావన్నీ అడిగేవాణ్ణి, చదువు, ఉద్యోగం, నాన్న బీపీ. మొట్టమొదటిసారి దేవుడి ముందు నిలబడి అబ్బాయి కావాలి, మంచోడు కావాలి, గోదావరి జిల్లా అయితే ఇంకా మంచిది అని పైకే తెలుగులో అడిగేశా. పక్కన ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు కూడా కళ్ళు మూసుకుని వాళ్ళ భాషలో ఏదో అడుక్కుంటున్నారు. దేవుణ్ణి నమ్మేవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో నమ్మేవాళ్ళకే అర్థమవుతుంది, నేను నమ్మేవాణ్ణి.

బెయ్‌తో వేడినీళ్ళ గుండాలు చలికాలంలో తప్పకుండా వెళ్ళండి. మెట్రోలో షిన్‌బెయ్‌తో స్టేషన్ దిగి నడిచేంత దూరమే, గవర్నమెంట్ వాళ్ళ ఓపెన్ గుండం చాలా చవక, స్విమ్‌సూట్ వేసుకునే దిగాలి, లూజు షార్ట్స్ వేసుకెళ్తే లోపలికి రానివ్వరు, బిగుతు ట్రంక్సే కావాలి. గంధకం వాసన మొదట్లో ముక్కుకి తగులుతుంది, పది నిమిషాలకి పోతుంది. అక్కడంతా తాతయ్యలు మామ్మలే, కాళ్ళు కడుక్కోకుండా దిగితే సైగలతోనే తిడతారు. పక్కనే 1913 నాటి పాత స్నానాల భవనం మ్యూజియం చేశారు, బావుంటుంది.

చలి గురించి నిజం చెప్పాలంటే టెంపరేచర్ చూసి మోసపోవద్దు, ఫోన్‌లో పద్నాలుగు పదిహేను డిగ్రీలు చూపిస్తుంది, మన లంబసింగి కంటే నయమే అనుకుంటాం, కానీ తైపేలో చలికాలమంతా సన్నగా తుంపర పడుతూనే ఉంటుంది, గాలి తడితడిగా ఉంటుంది, గదుల్లో హీటర్లు ఉండవు, ఉతికిన బట్టలు ఆరవు. నేనున్న హాస్టల్లో డార్మ్‌కి, అంటే చాలామంది కలిసి పడుకునే గదికి, కిటికీ లేదు, దుప్పటి చెమ్మ వాసన, బుకింగ్ ఫోటోల్లో ఇది కనపడదు, కాబట్టి బుక్ చేసేముందు కిటికీ ఉందా అని అడగండి, డ్రయ్యర్ ఉందా అని కూడా. స్టాఫ్ మాత్రం బంగారం. నేను చూస్తుండగానే ఇద్దరు అబ్బాయిలు వచ్చి డబుల్ రూమ్ అడిగితే తాళం ఇచ్చేశారు, రెండు మంచాలు కావాలా అనే ప్రశ్నే రాలేదు. ఎండ కావాలంటే దక్షిణాన తాయ్‌నాన్, కావ్‌షియుంగ్ ఊళ్ళ వైపు దిగిపోండి, హై స్పీడ్ రైల్ అయితే రెండు గంటల్లోపే, మామూలు ట్రైన్ చవక, టైమ్ పడుతుంది, నాలాంటివాళ్ళకి అదే కరెక్ట్.

తిండికి భయపడక్కర్లేదు. శాకాహారం షాపుల బోర్డు మీద స్వస్తిక్ లాంటి గుర్తు ఉంటుంది, దూరం నుంచే తెలిసిపోతుంది, లోపల కావాల్సినవి ప్లేట్లో పెట్టుకుంటే తూకం వేసి డబ్బులు తీసుకుంటారు, బౌద్ధుల పద్ధతి కాబట్టి చాలాచోట్ల ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. నాన్‌వెజ్ వాళ్ళకి అల్లం వేసి ఉడికించే బాతు పులుసు, చలికి అంతకన్నా మంచి మందు లేదు. స్టింకీ టోఫు నా వల్ల కాలేదు. కారం కోసం పచ్చడి ప్యాకెట్ తీసుకెళ్ళండి.

వీసా సంగతి, అమెరికా, యూకే, షెంజెన్, జపాన్ లాంటి వీసా ఉన్నవాళ్ళకి ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఎంట్రీ పర్మిషన్ తీసుకునే దారి ఉంది, రూల్స్ మారుతుంటాయి, సైట్ చూసుకోండి, లేనివాళ్ళు మామూలు వీసా పెట్టుకోవాలి, వాళ్ళ ఆఫీసు చెన్నైలో కూడా ఉంది. హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ లేదు, బ్యాంకాకో సింగపూరో హాంకాంగో మారాలి. దిగగానే ఈజీకార్డ్ కొనుక్కోండి, మెట్రో, బస్సు, సైకిల్, కన్వీనియెన్స్ స్టోర్ అన్నిటికీ అదే. మెట్రోలో మంచినీళ్ళు కూడా తాగకూడదు, ఫైన్ వేస్తారు. ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వచ్చే వాళ్ళ కొత్త సంవత్సరం వారం మాత్రం పెట్టుకోకండి, అందరూ సొంతూళ్ళకి పోతారు, ట్రైన్ టికెట్లు దొరకవు, చిన్న షాపులు చాలావరకు మూసేస్తారు. పెద్ద ప్రైడ్ చూడాలంటే చలికాలం కాదు, అక్టోబర్ చివర్లో రావాలి. నేను డబ్బులు కూడితే ఈసారి అప్పుడే వస్తా, ఎవరైనా తోడు వస్తానంటే చెప్పండి, డార్మ్‌లో ఉండటానికి రెడీగా ఉండాలి అంతే.