యూరప్ బస్సు టూరులో దాహావ్: ఇచ్చింది 50 నిమిషాలు

మొన్న మే నెలలో నెల్లూరు నుంచి పొద్దుటి వాకింగ్ బ్యాచ్ అంతా కుటుంబాలతో కలిసి యూరప్ టూరుకు పోయొచ్చాం. టూర్ కంపెనీ పేరు రాయను, రాస్తే ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. హోటళ్లు శుభ్రంగానే ఉన్నాయి, రాత్రిపూట పప్పూ అన్నం దొరికింది, ఆ పది రోజుల సంగతి అంతే. నా గొడవ దాహావ్ దగ్గర, అంటే జర్మనీలో నాజీలు ఖైదీలను పెట్టి హింసించిన కాన్సంట్రేషన్ క్యాంపు ఉన్న ఊరు.

వాళ్లిచ్చిన ప్రోగ్రాం కాగితంలో 'మ్యూనిక్ దగ్గర డచావ్ మెమోరియల్, ఎంట్రీ టికెట్ కలిపి' అని ఉంది. దాహావ్‌నే డచావ్ అని రాశారు, ఆ పేరు సంగతి సరే, అక్కడ లోపలికి పోవడానికి టికెట్టే లేదు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఇంకో తమాషా ఏందంటే, ఆ దేశాల్లో బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలని చట్టం. ప్రాగ్ నుంచి పొద్దున్నే బయల్దేరి మేం దిగేటప్పటికి అతనికి ఆ గంటలు నిండాయి, మాకు 50 నిమిషాలిచ్చారు. అంటే డ్రైవరు టీ తాగే టైములో మేం కాన్సంట్రేషన్ క్యాంపు చూసి రావాలన్నమాట!

హిట్లర్ అధికారానికి వచ్చిన రెండు నెలలు తిరగకముందే, 1933 మార్చిలో తెరిచిన క్యాంపు ఇది. 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం వచ్చేదాకా నడిచింది. రెండు లక్షల మందికి పైగా ఖైదీలను పెడితే 41,500 మంది చచ్చిపోయారు. ఇనుప గేటు మీద 'పని చేస్తే స్వేచ్ఛ' అని జర్మన్‌లో ఉంటుంది. దాన్ని దాటితే ఖైదీలను నిలబెట్టి లెక్కపెట్టిన మైదానం, చూడగానే నెల్లూరులో మా వీఆర్సీ గ్రౌండు గుర్తొచ్చింది. ఖైదీలు పడుకున్న అప్పటి షెడ్లు ఇప్పుడు లేవు, పునాదులు మాత్రం వరసగా కనపడతాయి. రెండు షెడ్లు మళ్లీ కట్టి, చెక్క మంచాలు ఏ కాలంలో ఎట్లా ఉండేవో చూపించారు. మొదట్లో మనిషికో పడక, ఆఖరికి మధ్యలో అడ్డు కూడా లేని ఒకే బల్ల. 6,000 మంది కోసం కట్టిన చోట చివర్లో 30,000 మందికి పైగా ఉన్నారంట. ఆ బల్లల దగ్గర మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని "ఏమండీ, పక్కకు తిరిగి పడుకోవడానికైనా చోటుండేదా?" అని అడిగింది.

మా బస్సులోనే ఉన్న కందుకూరు ఆయన మాత్రం గేటు దగ్గరే ఆగిపోయి "ఇక్కడ చూసేదానికి ఏముంది సార్, గోడలేగా" అన్నాడు. ఆయన్నేం తప్పుపట్టను, బస్సులో ఒక్క ముక్కయినా చెప్పుంటే కదా. ఏడేళ్ల పిల్లాణ్ణి తెచ్చినవాళ్లకు కూడా ముందుగా ఒక మాట చెప్పలేదు.

నాకు బాగా కోపం తెప్పించింది ఇంకోటి. క్యాంపు అటు చివర, గోడ అవతల, శవాలను కాల్చిన భవనం ఉంది. టిప్పు సుల్తాన్ వంశంలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున ప్యారిస్ నుంచి రహస్యంగా రేడియోలో సందేశాలు పంపిన నూర్ ఇనాయత్ ఖాన్‌ను 1944 సెప్టెంబర్ 13న ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో పాటు నాజీలు తుపాకీతో కాల్చి చంపింది ఈ క్యాంపులోనే. అప్పటికి ఆమెకు ముప్పయ్యేళ్లు. ఆ భవనంలో వాళ్ల పేర్లతో ఒక ఫలకం ఉందని మా అమ్మాయి ముందే చెప్పి పంపింది. టూర్ మేనేజర్ని అడిగితే "ఆమె ఎవరు సార్?" అన్నాడు. నలభై మంది ఇండియా వాళ్లను వెంటేసుకుని ఇక్కడికి వచ్చే మనిషికి ఆ పేరు తెలియకపోతే ఎట్లా? నేను పరిగెత్తినంత పని చేసి పోయి, ఫలకం ముందు రెండు నిమిషాలు నిలబడ్డానో లేదో, ఫోన్ మోగింది. "బస్సు స్టార్ట్ అవుతోంది సార్." అదే రోజు సాయంత్రం ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో గాజు బొమ్మల షాపులో మాత్రం రెండు గంటలిచ్చారు.

మ్యూనిక్‌లో ఒక్క పూట దొరికినా టూరును నమ్ముకోకుండా మీరే పోండి. మెయిన్ స్టేషన్‌లో ఎస్-2 లోకల్ రైలెక్కి దాహావ్‌లో దిగి, 726 నంబరు బస్సెక్కితే మెమోరియల్ దగ్గరే దించుతుంది. ఆడియో గైడ్ తీసుకుని కనీసం మూడు గంటలు పెట్టుకోండి. పదమూడేళ్ల లోపు పిల్లలను మాత్రం తీసుకుపోవద్దు.

చోటుకు ఐదు స్టార్లు. టూరుకు రెండు, ఆ రెండూ డ్రైవరుకే, నేను ఆలస్యంగా ఎక్కినా ఒక్క మాట అనలేదు.