కాన్పు రక్తాన్ని కొలిచే గీతల డ్రేప్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

నల్లగొండ జిల్లాలో ఒక ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న నేను, బిడ్డ పుట్టిన వెంటనే తల్లి పిరుదుల కింద పరిచే ప్లాస్టిక్ డ్రేప్‌ను ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. దాని చివర గరాటులా వేలాడే సంచి మీద మిల్లీలీటర్ల గీతలు అచ్చువేసి ఉంటాయి.

ఇదివరకు మేము రక్తస్రావాన్ని కంటితోనే అంచనా వేసేవాళ్లం. గుడ్డ పీల్చుకున్న రక్తం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. నేను గతంలో పనిచేసిన ఒక ఆసుపత్రిలో, దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన ఒక బాలింతకు అది మామూలు రక్తమేననుకొని అరగంట పోగొట్టుకున్నాం. నాడి వేగం పెరిగి అరిచేతులు చల్లబడ్డాకే మాకు ప్రమాదం తెలిసింది. ఆమె బతికింది, కానీ ఆ అరగంటను నేను మరచిపోలేదు.

ఈ డ్రేప్ విలువను ఆఫ్రికా ఆసుపత్రులు రుజువు చేశాయి. కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లోని 80 ఆసుపత్రుల్లో, 2 లక్షలకు పైగా కాన్పులపై జరిగి 2023లో వెలువడిన ఈ-మోటివ్ పరిశోధనలో, డ్రేప్‌తో కొలిచిన చోట అధిక రక్తస్రావాన్ని 93 శాతం మందిలో గుర్తించగా, పాత పద్ధతిలో 51 శాతం మందిలోనే గుర్తించగలిగారు. తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోయవలసి రావడం, మరణం, ఈ మూడూ కలిపిన లెక్క 60 శాతం తగ్గింది. అయితే ఆ ఘనత డ్రేప్ ఒక్కదానిది కాదు. గర్భసంచి మర్దన, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ మందు, రక్తం గడ్డ నిలవడానికి ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, కాన్పు దారిలో చిరుగుల కోసం పరీక్ష, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా ఆగి చూడకుండా, ఒకేసారి మొదలుపెట్టారు. ఇలాంటి డ్రేప్ మనకు కొత్తదీ కాదు. కర్ణాటకలోని బెళగావి ప్రాంత పల్లెల్లో జరిగి 2006లో ప్రచురితమైన, కాన్పు రక్తస్రావాన్ని నివారించే మిసోప్రొస్టాల్ మాత్రల పరిశోధనలోనూ రక్తాన్ని ఇలాంటి సంచితోనే కొలిచారు.

మొన్నొక రాత్రి రక్తం, అధిక రక్తస్రావంగా లెక్కించే 500 మిల్లీలీటర్ల గీత దాటగానే నేను డాక్టరమ్మను పిలిస్తే, బాలింత అత్తగారు "కాన్పన్నాక రక్తం పోదా సిస్టరమ్మా?" అని అడిగింది. సంచిని దీపం వెలుగుకు తిప్పి గీత చూపించాను. ఆమె మారుమాట లేకుండా పక్కకు జరిగి మాకు దారి ఇచ్చింది. ఇంజెక్షన్ల ట్రే చేతికందే దూరంలో ఉండబట్టి, ఆ రాత్రి రక్తం త్వరగానే అదుపులోకి వచ్చింది. మన దగ్గర రక్తహీనతతో కాన్పుకు వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి, 300 గీత దగ్గరే నాడి, బీపీ చూడడం నేను అలవాటు చేసుకున్నాను.

లోపాలూ ఉన్నాయి. ఉమ్మనీరు పూర్తిగా పోకముందే పరిస్తే కొలత తప్పుతుంది, కాబట్టి కొత్త సిస్టర్లకు ఇది దగ్గరుండి నేర్పాలి. నడుముకు కట్టే తాళ్లు పలచగా ఉండి, బాలింత కదిలినప్పుడు తెగుతున్నాయి. సరఫరా నిలిచిన వారాల్లో మళ్లీ గుడ్డల లెక్కకే దిగవలసి వస్తోంది. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఒక కట్టలో గీతలు వంకరగా అచ్చయ్యాయి. అప్పటినుంచి కొత్త కట్ట వచ్చినప్పుడల్లా, ఒక సంచిలో కొలపాత్రతో అర లీటరు నీళ్లు పోసి, 500 గీతతో సరిచూసుకున్నాకే మిగిలినవాటిని లేబర్ రూంలో పెడుతున్నాను.